సంచుల ఫ్యాక్టరీలో పరిగె

ఆ గుంట మూయించాలని మొదట నోరు పెట్టుకున్నది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ ఫ్లోరెన్సుకి ఫ్యాక్టరీ బాగుపడటం గిట్టదని మా పేటలోనే కొందరు కూస్తున్నారు. గిట్టకపోవడమేంటి? తెనాలి నుంచి అమృతలూరు వైపు పోయే రోడ్డు మీద, మా పేటని ఆనుకునే ఉంది ఆ సంచుల ఫ్యాక్టరీ. రేపల్లె మిల్లులకి ప్లాస్టిక్ బియ్యం సంచులు నేసేది అక్కడే. తెగిన దారాలు, వంకరగా పడ్డ ముక్కలు, అచ్చు చెదిరిన సంచులు అన్నీ తెచ్చి వెనక గుంటలో పోసేవాళ్ళు. గుంట నిండితే నిప్పు పెట్టేవాళ్ళు. ఆ పొగ తిన్నగా మా ఇళ్ళలోకి వచ్చేది. మా అమ్మాయి మనీషాకి రెండో తరగతికే ఆయాసం మందు పీల్చడం వచ్చేసింది. ఒకరోజు దండెం మీద ఆరేసిన దాని తెల్ల చొక్కా నిండా మసి పేలికలు అంటుకుంటే, ఆ చొక్కా తీసుకుపోయి అప్పటి మేనేజరు బల్ల మీద విసిరికొట్టాను. ఆయన దాన్ని పెన్నుతో పక్కకి నెట్టాడు. ఒళ్ళు మండిపోయింది.

తర్వాత వచ్చినవాడు గౌతమ్. బాపట్ల అబ్బాయి, ఇంజనీరింగు చదివాడు. కుర్రాడైనా మర్యాద తెలిసినవాడు, నన్ను ‘ఫ్లోరెన్సక్కా’ అని పిలిచేవాడు. సంచులు కొనే పెద్ద కంపెనీ ఏదో, చెత్త గుంటలో పోసే ఫ్యాక్టరీ సరుకు ఇకమీదట కొనమని చెప్పిందట. అందుకని వ్యర్థమంతా కరిగించి మళ్ళీ గుళికలు చేసే మిషను తెప్పించాడు. అయితే ముక్కలు ఏరి వేరుచేయకుండా ఆ మిషను నోరు తెరవదు. తెల్లవి తెల్లవాటితో, రంగువి రంగువాటితో, పైన ప్లాస్టిక్ పొర అంటించినవి విడిగా, నూనె మరకలవి ఇంకా విడిగా పెట్టాలి. ఆ పనికి మా ముఠాని పిలిచాడు. నాట్లకీ కోతలకీ పోయే ఆడవాళ్ళ ముఠా మాది, దానికి మేస్త్రిని నేను. వరికోత మిషన్లు వచ్చి సగం పనులు పోయాయి కాబట్టి అందరం ఒప్పుకున్నాం. గుంటకి పోయే తట్టలు రోజురోజుకీ తగ్గాయి. పొగ ఆగింది. మనీషా హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టింది. అప్పుడు నాకెంత సంతోషమేసిందో ఆ దేవుడికే తెలుసు.

ఇక పరిగె సంగతి. చేలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కోత కోసేటప్పుడు కొన్ని వెన్నులు రాలతాయి. కోసినవాళ్ళు వాటిని ముట్టుకోరు. వెనకాల ముసలివాళ్ళు, మొగుళ్ళు పోయినవాళ్ళు వచ్చి ఏరుకుంటారు. రైతుని అడగరు, రైతు ఇవ్వడు, కాదనడు కూడా. అదే పరిగె. మా అత్త ఏసమ్మ చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకుని, కూలికి పోయి, కూలి లేనప్పుడు పరిగె ఏరి, మా ఆయన ఎబినేజర్‌ని సాకింది. చేలో మిషను దిగాక పరిగె కూడా పోయింది. అప్పుడు ఫ్యాక్టరీ గుంట మీద పడింది. పొడుగు ముక్కలు ఏరి పేని గేదెలకి పలుపులు చేసేది. వెడల్పు ముక్కలు కలిపి కుట్టి, మినుములూ మిరపకాయలూ ఆరబోసుకునే పట్టాలు చేసేది. తెనాలి మార్కెట్లో అమ్ముకుని తన బియ్యం తను తెచ్చుకునేది. కుండ మాత్రం మా ఇంట్లోనే, బియ్యం ఆవిడవి. ‘కొడుకు కూడు తింటే కొడుకు మాట పడాలే పిల్లా’ అని నాతో నవ్వుతూ అనేది. ఆవిడతోపాటు టౌను నుంచి జహీరా బీ అనే ఇంకో ముసలావిడ వచ్చేది.

గుంట మూతపడితే వీళ్ళ సంగతేంటని మేమెవరం కూర్చుని మాట్లాడుకోలేదు. మీటింగు పెట్టలేదు, తీర్మానం చేయలేదు. సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు ఏరగా మిగిలిన కుప్ప తోకని షెడ్డు మూలకి ఊడ్చి అక్కడే వదిలేసేవాళ్ళం, అంతే. చేతులకి అలవాటైన పని అది. కాసేపటికి అత్తా జహీరా బీ వచ్చి కావలసినవి ఒడిలో వేసుకుని పోయేవాళ్ళు.

శివరాత్రి వెళ్ళి చేలల్లో మినుము పీకుళ్ళు మొదలయ్యే రోజుల్లో, ఆ పెద్ద కంపెనీ తరపున హైదరాబాదు నుంచి ఒక మేడమ్ తనిఖీకి వచ్చింది. చక్కటి మనిషి. అందరి పేర్లూ అడిగింది, మిషను చూసింది, మమ్మల్ని మెచ్చుకుంది. పోతూపోతూ మూలనున్న కుప్ప చూసి అదేంటని అడిగింది. గౌతమ్ ఏదో ఇంగ్లీషులో అందుకోబోయాడు. ఈలోపే మా ముఠాలో పెద్దది సుందరమ్మ, మెప్పు మీద ఉంది కదా, ముందుకొచ్చి అది పరిగెండి అని చెప్పింది. మేడమ్‌కి ఆ మాట తెలియలేదు. ముసలివాళ్ళు ఏరుకోవడానికి వదిలామని నేను కూడా గొప్పగా వివరించాను. అయితే ఇది గేటు దాటి బయటికి పోతుందా అని మేడమ్ మళ్ళీ అడిగింది.

“పోతుందండి. పోకపోతే పరిగె ఎట్టా అవుతుందండి?” అంది సుందరమ్మ.

గౌతమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మేడమ్ కళ్ళజోడు సర్దుకుని కారెక్కింది. మేమేదో మంచి మాట చెప్పామనుకుంటూ ఇంటికి పోయాం.

మర్నాడు గౌతమ్ నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. బయటికి పోయిన ముక్క ఎక్కడ తేలుతుందో తెలియదు కాబట్టి అది చెత్త కిందే లెక్కట. నెల తిరగ్గానే మేడమ్ మళ్ళీ వస్తుంది, ఈలోగా గేటు దాటేది ఒక్క దారప్పోగు కూడా ఉండకూడదట. ఆ పలుపు తెగితే ఏ కాలవలోనో పడుతుంది కదక్కా అన్నాడు. మీరు నేసే సంచులు మాత్రం చిరిగాక ఎక్కడికి పోతున్నాయి, స్వర్గానికా అని అడిగాను. అది వేరే విషయం అన్నాడు. ఎప్పుడూ అంతే, వాళ్ళది వేరే విషయం. ముసలివాళ్ళకి వేరే దారి చూద్దాం, కొంచెం టైమివ్వండి అని కూడా అన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదని ఊరికే అన్నారా?

నేను షెడ్డుకి పోయి కుప్ప తోక మూలకి ఊడ్చాను. కావాలనే ఊడ్చాను. గౌతమ్ నన్నేమీ అనలేదు. అనాల్సింది గేటు దగ్గరున్న మనిషికి అప్పుడే చెప్పేశాడు.

గేటు దగ్గరుండేది మా ఆయన. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ, చెప్పక మానను. ఎబినేజర్ తాగడు, తిట్టడు, ఆదివారం చర్చి మానడు. ఖాకీ చొక్కా వేసుకున్నాక మాత్రం తన వెన్నెముక కాస్తా ఆఫీసులో పెట్టి తాళం వేసి వస్తాడు. ఆ సాయంత్రం షిఫ్టు దిగి అందరం గేటు దగ్గరికి వచ్చేసరికి, అడ్డంగా నిలబడి ఒక్కొక్కరి సంచీ చూస్తున్నాడు. మావి చూశాడు, పోనిచ్చాడు. జహీరా బీ ఒడిలో ముక్కలు తనే తీసి కింద పెట్టేసి, బస్సుకి టైమైందని గబగబా వెళ్ళిపోయింది. ఆమె వెనక మా అత్త ఉంది.

“ఒడి విప్పమ్మా” అన్నాడు.

అత్త వాడి వైపు చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని చూసింది పాపం. వాడు కళ్ళు దించుకుని అదే మాట మళ్ళీ అన్నాడు. మా ముఠా అంతా గేటవతలే నిలబడి చూస్తున్నాం. అత్త ఒడి విప్పింది. తెల్ల ముక్కలు నేల మీద రాలాయి. చెంగున ఒక ముడి ఉంది. అదీ చూసుకోమని తనే ముందుకు చాపింది. వద్దనాలి కదా? అనలేదు. ఆ ముడి కూడా విప్పించాడు. అందులో ఒక బీపీ బిళ్ళ ఉంది.

తర్వాత ఆ ముక్కల్ని బూటుకాలితో గోడ పక్కకి నెట్టాడు. అత్త ఆ కాలి వైపు చూసింది. కొంగు దులుపుకుని, నా ముందు నుంచే నడిచి ఇంటికి పోయింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నాకు మొగుడి మీద కోపం, ఆ పూట ఇంట్లో గిన్నెలకి మూడింది. ఎబినేజర్ గుమ్మంలో కూర్చుని, నా ఉద్యోగం అది, ఆ ఉప్పు తింటున్నాను, అందరికీ ఒక రూలు, అమ్మకొక రూలా అన్నాడు.

“మరి చిన్నప్పుడు తిన్నావే, అది ఏ ఉప్పు? ఏ చేలో పరిగె?” అన్నాను.

 ఇలాంటి మాట పడ్డప్పుడల్లా వాడు ఫోను చూసుకుంటాడు. చూసుకున్నాడు. నేనైతే ఆ ఫోను పొయ్యిలో పెట్టేదాన్నే. పిల్ల చూస్తోందని ఊరుకున్నాను.

 అత్తకి అన్నం పెడితే, శ్రమ దినాలు కదా, ఒంటిపూట ఉంటున్నాను పిల్లా అంది. ఈస్టరుకి ముందు మావాళ్ళలో ఉపవాసాలుండేవాళ్ళు ఉంటారు, అది మామూలే. అత్త కూడా ఏటా శుక్రవారం శుక్రవారం ఉండేది. ఈ ఏడు రోజూ మొదలుపెట్టింది. ఉన్న నాలుగు పలుపులూ అమ్మి తెచ్చిన బియ్యంలోంచి చారెడు నా కుండలో పోసి, అంతే అన్నం తినేది. ఆ బియ్యం డబ్బా అడుగంటేకొద్దీ ఆవిడ ముద్ద చిన్నదైంది. మా బియ్యం ఇంకో చారెడు కలిపితే, ముద్ద నోట పెట్టకముందే ఆవిడకి తెలిసిపోయేది. కంచం పక్కకి జరిపేసేది. ఆ ఉపవాసం దేవుడి కోసం కాదని నాకు తెలుసు, వాడికీ తెలుసు. చర్చి అయ్యగారు కూడా వచ్చి, పెద్ద వయసులో ఇంత కఠినం వద్దమ్మా అని చెప్పి వెళ్ళారు. అలాగేనండి అంది. ఒకనాడు పంపు దగ్గర బిందె ఎత్తబోయి కూలబడింది. లేపి కూర్చోబెడితే ఆ చేతులు కట్టెపుల్లల్లా ఉన్నాయి.

ఆ రోజే సుందరమ్మ ఇంటికి పోయాను. మిగతావాళ్ళనీ పిలిచాను. చేలో పరిగె ఏరనివ్వని ఆసామి చేలోకి మా ముఠా దిగదు. మా అమ్మల కాలం నుంచి అంతే. గట్టు మీద కూర్చుంటాం, లేకపోతే ఇంకో చేలోకి పోతాం. ఫ్యాక్టరీకి ఈ మాట వర్తిస్తుందా లేదా అన్నదే అడిగాను. కొంతమంది నసిగారు. నెలజీతాలు, షెడ్డు నీడ, మిట్టమధ్యాహ్నం ఫ్యాను గాలి ఎవరికి చేదు? చివరికి సుందరమ్మే లేచి, ఆ మేడమ్‌కి నోరు జారి చెప్పింది నేను, కాబట్టి ముందు నేనే మానేస్తున్నాను అంది. తెల్లారి ముఠా మొత్తం సంజీవరావు గారి చేలో మినుము పీకడానికి పోయింది.

ఫ్యాక్టరీలో మగ్గాలు ఆగవు కదా. ముక్కలు షెడ్డు కిటికీల దాకా పేరుకున్నాయని కబురు తెలిసింది. మనుషుల్ని ఎక్కడెక్కడి నుంచో తెచ్చారు. వాళ్ళు పొర అంటించినవీ తెల్లవీ కలిపేసి మిషను నోరు పట్టేసేలా చేశారు. కంట్రాక్టరు ఇదంతా ఎందుకు, గుంటలో పోసి అగ్గిపుల్ల గీద్దామన్నాడట.  మళ్ళీ ఆ పొగ వస్తే మొదట ఊపిరాడనిది నా కూతురికే. అయినా చేలోంచి లేవలేదు. ముసలిదాని నోటి దగ్గర కూడు తీసి నా బిడ్డకి గాలి కొనివ్వమని నేనెవర్నీ అడగలేదు. ఆ రెండూ ఒకే తక్కెట్లో పెట్టినవాడి మీద నాకు పట్టరాని కోపం.

గౌతమ్ బండేసుకుని చేను గట్టు దాకా వచ్చాడు. ఎండకి మొహం కందిపోయింది. గుంటలో పోయనివ్వనని కంట్రాక్టరుతో గొడవపడ్డాడట, అది విని కొంచెం మెత్తబడ్డాను. మీ పరిగె మీకు ఉంటుంది, మేడమ్‌తో మాట్లాడాను, రండక్కా అన్నాడు. ఏమీ చేయక్కర్లేదు, మూలనున్న కుప్ప వైపూ గేటు వైపూ చూడకుండా ఉంటే చాలన్నాను. అలా కుదరదు, పద్ధతిగా చేద్దాం అన్నాడు. పద్ధతి అన్న మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. ఉంటుందన్న మాట విని సంబరపడి పనిలోకి దిగాం.

మేడమ్ మళ్ళీ వచ్చే రోజున వాళ్ళ పద్ధతేంటో చూశాం. షెడ్డు ముందు షామియానా వేశారు, ‘వృద్ధ మహిళలకు చేయూత’ అని గుడ్డ కట్టారు. రెండు కుర్చీలు వేసి మా అత్తనీ జహీరా బీనీ కూర్చోబెట్టారు. వాళ్ళ ముందు రెండు కొత్త సంచుల నిండా ముక్కలు నింపి, మూతికి ఎర్ర రిబ్బను కట్టారు. ఫోటోగ్రాఫరు తెనాలి నుంచి వచ్చాడు. గౌతమ్ మొహం వెలిగిపోతోంది. బుద్ధిమంతుడే, చెడ్డవాడు కాదు. అదే నాకు ఎక్కువ మంట. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

“మామ్మగారూ, ఈ సంచీ ఇలా పట్టుకుని కెమెరా వైపు చూడండి” అన్నాడు.

“ఏంటి నాయనా ఇది?”

“మీ పరిగే మామ్మగారు. ఇక మీరు వంగి ఏరుకోనక్కర్లేదు. వారం వారం మేమే ఇస్తాం.”

అత్త సంచీని ఒకసారి తడిమి చూసింది. ఉపవాసాలకి గొంతు కూడా నీరసించిపోయింది, అయినా అందరికీ వినపడింది.

“పరిగె ఒకరు ఇచ్చేది కాదు నాయనా. ఇస్తే అది బిచ్చం.”

కుర్చీలోంచి లేచింది. రిబ్బను ముడి పళ్ళతో లాగింది. సంచీని అడుగు పట్టుకుని తిరగేసి, ముక్కలన్నీ నేల మీద కుమ్మరించింది. షామియానా కింద, మేడమ్ కాళ్ళ ముందు కుప్ప పడింది. ఆ కుప్ప పక్కన గొంతుక్కూర్చుని ఏరుకోవడం మొదలుపెట్టింది. పొడుగు తెల్లవి ఒడిలోకి, అక్కర్లేనివి పక్కకి. చేత్తో సాగదీసి చూడటం, ఒడిలో వేసుకోవడం, ఇంకోటి తీయడం. జహీరా బీ తన సంచీ కూడా తిరగేసింది. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తబోతే మేడమ్ వద్దని చెయ్యి ఊపింది.

గౌతమ్‌కి ఏం చేయాలో తోచలేదు. గేటు వైపు తిరిగి ఎబినేజర్‌ని కేకేశాడు, మీ అమ్మని కాస్త లేపమన్నాడు. వాడు వచ్చాడు. ఖాకీ చొక్కా, బూట్లు. వంగి, లే అమ్మా, అందరూ చూస్తున్నారు, పరువు పోతోంది అని గొణిగాడు. అత్త తలెత్తలేదు.

“ఏరితే ఏరు. లేకపోతే తప్పుకో” అంది.

వాడు అక్కడే నిలబడ్డాడు. మా ముఠా అంతా వాడినే చూస్తోంది. నేను మనసులో, వంగరా, ఒక్క ముక్క ఏరరా, ఒక్కటి చాలు అనుకున్నాను. అంత కోపంలోనూ అనుకున్నాను. వాడు గౌతమ్ వైపు చూశాడు. మెల్లగా గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. అత్త ఒడి నిండాక లేచి, ఆ గేటులోంచే బయటికి వచ్చింది. ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు గుంట మట్టితో పూడ్చేశారు. పొగ లేదు. కుప్ప తోక సాయంత్రం మూలన ఉంటుంది, ముసలివాళ్ళు వచ్చి ఏరుకుంటారు. మేడమ్ ఒప్పుకునేలా ఆఫీసులో దానికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టుకున్నారట, పెట్టుకోనీ. మేం గెలిచామంటుంది సుందరమ్మ. ఏమో, నాకు ఆ ఒడి విప్పమన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ చేతిలో ఉన్నది విసిరికొట్టాలనిపిస్తుంది.

ఆ ఫోటో రోజు సాయంత్రం అత్త కొత్త పలుపులు పేని, పక్కింటి గేదెలాయనకి రెండు అమ్మి, బియ్యం తెచ్చుకుంది. ఆ బియ్యం నా కుండలో పోయలేదు. వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించి, తన అన్నం తను వండుకుంది. ఎబినేజర్ డ్యూటీ దిగి వచ్చి, ఆ పొయ్యిని చూసి చూడనట్టు లోపలికి పోయి పీట వాల్చుకున్నాడు. అన్నం పెట్టమన్నాడు. కుండలో ఉంది, పెట్టుకుని తినమన్నాను.

నా కంచం, పిల్ల కంచం తీసుకుని బయటికి వచ్చి అత్త పొయ్యి దగ్గర కూర్చున్నాను. పిల్లా, మీ ముగ్గురికీ అక్కడ వండావుగా అంది అత్త. నాకూ పిల్లకీ చాలడం లేదు, కాస్త పెట్టత్తా అన్నాను. ఆవిడ గరిటె తీసుకుని మనీషా కంచంలో ముందు పెట్టింది.